రాతి ఇంటికి సిమెంట్ పూయిస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఉప్పల్, నాచారం ఒకప్పుడు ఊళ్లే. అక్కడ తాతల నాటి రాతి ఇల్లు ఉన్నోళ్లు గోడ చెమ్మగిల్లగానే సిమెంట్ ప్లాస్టరింగ్ చేయిస్తుంటారు. చిక్కంతా అక్కడే.

పాత గోడల్లో రాళ్లను పట్టి ఉంచేది డంగు సున్నం, అంటే గానుగలో నూరిన సున్నం, ఇసుక. చార్మినార్ (1591) నిలబడిందీ గ్రానైట్, సున్నం మీదే. వానకు గోడ పీల్చిన తడి సున్నంలోంచి మెల్లగా ఆరిపోతుంది. పైన సిమెంట్ పూస్తే బయటికి దారుండదు. లోపల సున్నం మెత్తబడి రాలుతుంది.

ఇంగ్లండ్‌లో 1877లో విలియం మోరిస్ పెట్టిన పాత కట్టడాల రక్షణ సంఘం కూడా రాతి కాటేజీలకు సున్నమే వాడమంటుంది. ‘సిమెంటైతే గట్టిగుంటది’ అని మేస్త్రీ అన్నా, ముందు కప్పు నీళ్లు గోడ మీదికి జారుతున్నాయేమో చూడాలి. చాలాసార్లు చెమ్మ అక్కడిదే.