నల్లరేగడి పెరడులో పచ్చగడ్డి, కూరపాదులు

సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు సభ్యులు తరచు అనే మాట: "మాది నల్లరేగడండీ. వానొస్తే బురద, ఎండొస్తే రాయి. గడ్డి ముక్కలు నాటితే కుళ్లిపోయాయి." ఈ మాట నేనూ అన్నవాడినే. మా పెరట్లో వాన వెలిసిన మరునాడే తొందరపడి పార వేశాను. పెళ్లలు ఇటుకల్లా గట్టిపడ్డాయి. నాటిన రెండు మునగ మొక్కలూ నీరు నిలిచి చచ్చిపోయాయి. తప్పు నేలది కాదు, నాది.

బంకమట్టి రేణువులు అతి సన్నం. తడిస్తే ఉబ్బి గాలి సందులు మూసుకుపోతాయి, వేళ్లకు ఊపిరాడదు. ఎండితే మట్టి కుంచించుకొని నెర్రెలిస్తుంది. అయితే తేమను, ఎరువు సారాన్ని పట్టి ఉంచేదీ ఈ మట్టే. కనుక సభ్యులు ఈ క్రింది విషయాలు గమనించవలెను.

1. పదును: నాలుగంగుళాల లోతు మట్టిని పిడికిట పట్టి, ముద్ద చేసి, నడుమెత్తు నుండి వదలండి. పొడిపొడిగా రాలితే తవ్వవచ్చు. ముద్ద అప్పచ్చిలా అతుక్కుంటే ఆగవలెను.

2. ఇసుక: ఒక సెంటు నేలలో ఆరంగుళాల లోతున సుమారు 218 ఘనపుటడుగుల మట్టి ఉంటుంది. నాలుగు తట్టల ఇసుక ఏ మూలకు? ఆ ఖర్చు మానండి. జిప్సం కూడా మట్టి పరీక్షలో చౌడు ఉందని తేలితేనే వేయాలి.

3. ఎరువు: బాగా చివికిన పశువుల ఎరువే దీనికి మందు. ఏటేటా వేయాలి, పచ్చిపేడ పనికిరాదు. తొలకరిలో జీలుగ చల్లి (ఎకరాకు 10–12 కిలోలు), పూతకు రాగానే కలియదున్నితే నేల గుల్లబారుతుంది.

4. మురుగు: నాలుగడుగుల వెడల్పు, తొమ్మిదంగుళాల ఎత్తున మడులు చేసి, నడుమ కాలువలు తీసి, పల్లం వైపు నీరు పోయేట్లు చూడాలి. వంగ, బెండ, గోంగూర చక్కగా వస్తాయి. ముల్లంగి వంటి దుంపలు వంకరపోతాయి.

5. పచ్చగడ్డి: హైబ్రిడ్ నేపియర్‌కు నీటి నిలవ గిట్టదు. మూడడుగుల ఎడంతో బోదెలు వేసి, రెండు కణుపుల ముక్కలను ఒక కణుపు మట్టిలోకి పోయేట్లు బోదె పక్కన ఏటవాలుగా నాటాలి. మొదటి కోత 70–75 రోజులకు, ఆపైన సుమారు 45 రోజులకొకటి. ఎంత చేసినా నీరు నిలిచే పల్లంలో పారాగడ్డి వేసుకోండి.

6. వేసవి: పశువులు తినక వదిలిన చొప్పను మొక్కల మొదళ్ల చుట్టూ పరచండి. నెర్రెలు తగ్గుతాయి, వేళ్లు తెగవు.

మొత్తం పెరడు ఒకేసారి తలకెత్తుకోనక్కరలేదు. ఈ తొలకరికి ఒక్క సెంటు ఇలా చేసి చూడండి. కొట్టం ముందున్న పేడకుప్ప ఆ మడికి చేరితే, దాణా కొనే డబ్బులో కొంత మన ఇంటనే నిలుస్తుంది.