మాటకు పావలా... మాటకు పూచీ!

"వదినా, బాబుకి దగ్గొస్తోంది. తేనె నాకిస్తే తగ్గుతుందని నెట్‌లో చదివాను. పెట్టనా?"

రాత్రి తొమ్మిదింటికి మా తమ్ముడి భార్య ఫోను. పిల్లాడికి అప్పుడు మూడో నెల. ఏం రాశారో చదవమన్నాను. రెండో వాక్యానికే నా గుండె జారిపోయింది. ఆ వ్యాసం రాసింది నేనే! పేరు ఉండదు కాబట్టి తనకి తెలీదు. "వద్దమ్మా, పెట్టకు. వెంటనే డాక్టరుకు చూపించండి" అన్నానే గానీ, ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

పావలా లెక్క
మాది ఖమ్మం. డిగ్రీ అవగానే పెళ్లి, ఇద్దరు పిల్లలు. వాళ్లు బడికెళ్లాక తీరిగ్గా ఉండలేక ఒక వెబ్‌సైటుకి తెలుగులో వ్యాసాలు రాసే పని ఒప్పుకున్నాను. మాటకు పావలా. వెయ్యి మాటలకు 250 రూపాయలు. రోజుకు మూడు పంపాలి. గుమ్మడికాయ ఉపయోగాలు, జుట్టు రాలడం, ఇంటి రుణాలు... ఏదిస్తే అది! ఇక చదివే తీరికేదీ? నాలుగు సైట్లు తెరవడం, వాక్యాలు అటూ ఇటూ మార్చడం, చెప్పిన 'కీవర్డ్' పదిసార్లు ఇరికించడం. దగ్గు వ్యాసమూ అలా గంటన్నరలో పుట్టిందే. పెద్ద పిల్లలకు చెప్పిన చిట్కాను, వయసు రాయకుండా 'పిల్లలకు' అని వదిలేశాను.

మర్నాడు మా పిల్లల డాక్టరమ్మను అడిగాను. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా వద్దన్నారు. తేనెలో ఒక్కోసారి ఉండే బ్యాక్టీరియా బీజాలు పసివాళ్ల పేగుల్లో పెరిగి విషాన్ని తయారుచేస్తాయట. దాన్ని బొట్యులిజం అంటారు. కండరాలు చచ్చుబడతాయి, ఊపిరికే ముప్పు రావచ్చు. అరుదే, కానీ వస్తే ప్రమాదం. 'ఏడాది దాటిన' అని రాసి ఉంటే సరిపోయేది. రెండే మాటలు. ఖరీదు అర్ధరూపాయి!

సవరించమని సైటువాళ్లను అడిగితే "పాతవి ముట్టుకోం మేడమ్, కొత్తవి పంపండి" అన్నారు. నేనూ వదల్లేదు. నాలుగోసారికి ఆ వ్యాసం తీసేశారు. నాకు పనివ్వడమూ మానేశారు. చిన్నదాని ట్యూషన్ ఫీజు ఆ డబ్బుతోనే కట్టేదాన్ని. ఆ రెండు నెలలూ ఇబ్బంది పడ్డమాట నిజం.

ఇప్పుడిలా...
ఇప్పుడు వారానికి మూడే రాస్తున్నాను. నాకు తెలిసినవే తీసుకుంటాను. ఆవకాయకు బూజెందుకు పడుతుందో ఎవర్నీ అడగక్కర్లేదు. జాడీ తడిగా ఉన్నా, ముక్కలు తుడవకపోయినా, ఉప్పు తగ్గినా అంతే. వైద్యం, డబ్బు సంగతులైతే తెలిసినవాళ్లకు చూపించందే పంపను. ఎవరికి, ఏ వయసుకి, ఎంత మోతాదు... ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకుంటాను. చివర్లో ఒకసారి పైకి చదువుతాను. నాలుక తడబడిన చోట వాక్యం మారుస్తాను.

గూగుల్ కూడా 2022 డిసెంబరులో తన నాణ్యత సూత్రాల్లో 'అనుభవాన్ని' చేర్చింది. అక్కడా ఇక్కడా ఏరి అల్లే పనిని ఇప్పుడు కృత్రిమ మేధ నిమిషంలో చేసేస్తోంది. మన చేతిలో మిగిలింది చేసి చూసిన అనుభవం, సరిచూసే ఓపికే కదా!

ఈ పనిలోకి రావాలనుకునే చెల్లెళ్లకు ఒక మాట. రేటు, సవరణలు, డబ్బిచ్చే గడువు ముందే రాతపూర్వకంగా తీసుకోండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం మన రాత మీద హక్కు ఇంకొకరికి బదిలీ కావాలన్నా కాగితం ఉండాల్సిందే. తప్పు తేలితే సవరిస్తారా అని కూడా ముందే అడగండి. నేను అడగనిది అదే.

మొన్న బాబు మొదటి పుట్టినరోజు. "ఇప్పుడు తేనె పెట్టొచ్చా వదినా?" అంది మరదలు. "నిక్షేపంగా పెట్టు" అన్నాను. ఆ వ్యాసం నాదేనని మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివాక ఎలాగూ తెలుస్తుంది. ఈసారి కింద నా పేరుంటుంది మరి!