సైనికుడు కన్నుమూశాక ఇల్లాలికి దక్కేది ఎంత?

2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు అమరుడయ్యారు. ఆయన భార్య సంతోషికి తెలంగాణ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. సరిహద్దులో పోరాడుతూ ప్రాణమిచ్చిన సైనికుడు ఎందుకు చనిపోయాడని ఆయన భార్యను ఎవరూ అడగరు. కానీ సర్వీసులో గాయపడి, వైకల్యంతో ఇల్లు చేరి, ఏళ్ల తర్వాత కన్నుమూసిన సైనికుడి భార్య ఆ ప్రశ్నకు కాగితాలతో జవాబు చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోని మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో స్థిరపడిన మాజీ సైనికుల కుటుంబాలు ఈ లెక్కను భర్త బతికుండగానే తెలుసుకోవాలి.

వైకల్య పెన్షన్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి సర్వీసుకు ఇచ్చేది, రెండోది వైకల్యానికి ఇచ్చేది. చివరి జీతం నెలకు 40,000 రూపాయలు, వైకల్యం నూరు శాతం అనుకుందాం. సర్వీసు భాగం జీతంలో సగం, అంటే 20,000. వైకల్య భాగం 30 శాతం, అంటే 12,000. రెండూ కలిపి 32,000, దానిపై కరువు భృతి. ఎప్పుడూ ఒకరు తోడుండాల్సిన స్థితి అయితే సహాయకుడి కోసం మరో అలవెన్సు కూడా వస్తుంది. భర్త చనిపోయిన రోజుతో వైకల్య భాగం, సహాయకుడి అలవెన్సు రెండూ ఆగిపోతాయి. ఇన్నేళ్లూ ఆ సహాయకురాలు భార్యే అయినా సరే, అవి ఆమెకు బదిలీ కావు.

ఆమెకు వచ్చేది కుటుంబ పెన్షన్. అది మూడు రకాలు.

ఆర్డినరీ: మరణానికి సర్వీసుతో సంబంధం లేదని తేలితే ఇచ్చేది. చివరి జీతంలో 30 శాతం, మన ఉదాహరణలో 12,000. పదవీ విరమణ తర్వాత భర్త చనిపోతే మొదట కొంతకాలం 50 శాతం ఇస్తారు. మరణం నుంచి ఏడేళ్లు, లేదా భర్తకు 67 ఏళ్లు నిండాల్సిన తేదీ, ఏది ముందైతే అంతవరకే. భర్త 67 దాటాక పోతే నేరుగా 30 శాతమే.

స్పెషల్: మరణానికి సర్వీసు వల్ల వచ్చిన, లేదా సర్వీసు వల్ల ముదిరిన గాయమో జబ్బో కారణమైతే ఇచ్చేది. 60 శాతం, అంటే 24,000.

లిబరలైజ్డ్: యుద్ధంలో, శత్రువుతో పోరులో, ఉగ్రవాదుల చేతిలో మరణిస్తే ఇచ్చేది. నూరు శాతం, అంటే 40,000.

వికలాంగ సైనికుడి భార్యకు అసలు సమస్య మొదటి రెండింటి మధ్యే. 50 శాతం గడువు ముగిశాక ఆ తేడా నెలకు 12,000 రూపాయలు, అదీ జీవితాంతం. దాన్ని తేల్చేది మరణ కారణం.

వెన్నెముక దెబ్బతిని నడుము కింద చచ్చుబడిన మనిషిని తీసుకోండి. ఏళ్ల తరబడి మంచం పట్టడంతో పుండ్లు పడతాయి, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్లు వస్తుంటాయి, కిడ్నీలు పాడవుతాయి. చివరికి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ప్రాణం పోతుంది. ఆసుపత్రి కాగితంలో ‘గుండె ఆగి మరణం’ అని మాత్రమే రాస్తే, ఆ మరణాన్ని పాత గాయంతో కలిపే దారం తెగిపోతుంది. అందుకే మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే మరణ ధ్రువపత్రం ఒక్కటే సరిపోదు. డాక్టరు మరణ కారణాన్ని రాసి ఇచ్చే వైద్య ధ్రువపత్రం తీసుకోవాలి. తక్షణ కారణం, దాని వెనకున్న కారణం, మూలమైన పాత గాయం వరుసగా రాయడానికి ఆ ఫారంలోనే చోటుంటుంది. మెడికల్ బోర్డు కాగితాలను డాక్టరుకు చూపించి, ఉన్న నిజాన్ని పూర్తిగా రాయమని అడగడం తప్పు కాదు, అది మీ హక్కు.

భర్త బతికుండగా చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మెడికల్ బోర్డు నివేదిక, డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు (పీపీవో), ఆసుపత్రుల డిశ్చార్జి సమ్మరీలు ఒకే ఫైల్లో పెట్టండి. మూసీ నది పొంగి మూసారాంబాగ్ వంతెన మూసేయాల్సి వచ్చిన చోటు మనది. కాబట్టి నకళ్లు ఇంకో ఊళ్లో ఉన్న పిల్లల దగ్గరో, ఫోన్లోనో ఉంచండి. పీపీవోలో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూడండి. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక మారుతుంది కూడా. ఈ తేడాను భర్త సంతకంతో రికార్డు ఆఫీసులో సరిచేయించుకోవడం సులువు, ఆయన పోయాక కష్టం. సైన్యంలోని ఆర్డినెన్స్ కోర్ (ఏఓసీ), ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్ (ఈఎంఈ) విభాగాల వారి రికార్డు ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ వారిది నాసిక్‌లో ఉంది. పదవీ విరమణ తర్వాత పెళ్లి చేసుకున్నవారు భార్య పేరు తప్పక చేర్పించాలి. ఆమెకూ ఆర్డినరీ కుటుంబ పెన్షన్ హక్కు ఉంది.

భర్త చనిపోయాక ఆ విషయం రికార్డు ఆఫీసుకు, పెన్షన్లు చెల్లించే ‘స్పర్శ్’ వ్యవస్థకు వెంటనే తెలియజేయండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇందులో సాయపడుతుంది. మూసారాంబాగ్ హైదరాబాద్ జిల్లాలో ఉంది, ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లాలో ఉంది. కాబట్టి ఎవరి కార్యాలయం వారిదే. మరణం తర్వాత భర్త ఖాతాలో పడిన పెన్షన్ వాడకండి, తిరిగి కట్టాల్సి వస్తుంది. మాజీ సైనికులకు ఇచ్చే ఈసీహెచ్ఎస్ వైద్య సదుపాయం భార్యకు కొనసాగుతుంది. ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వడం మరవకండి. 80 ఏళ్లు నిండితే కుటుంబ పెన్షన్ 20 శాతం పెరుగుతుంది.

స్పెషల్ పెన్షన్ నిరాకరిస్తే అక్కడితో ఆగిపోనక్కర్లేదు. నిరాకరణకు కారణం లిఖితపూర్వకంగా అడగండి, అప్పీలు చేయండి. అదీ ఫలించకపోతే 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. చేరినప్పటి రికార్డులో జబ్బు ప్రస్తావన లేకపోతే సైనికుడు ఆరోగ్యంగానే చేరాడని భావించాలి, తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసే కారణమని నిరూపించే భారం ఆయన మీద మోపకూడదు. వైకల్య పెన్షన్‌పై వచ్చిన ఈ తీర్పు, భర్త వైకల్యాన్ని సైన్యం గుర్తించని చోట భార్యకూ బలమవుతుంది.

అమెరికాలో నియమం ఇంకాస్త దయగా ఉంది. సర్వీసు వల్ల పూర్తి వికలాంగుడైన సైనికుడు చనిపోయేముందు వరుసగా పదేళ్లు అదే స్థితిలో ఉంటే, మరణ కారణం వేరైనా భార్యకు పరిహార పెన్షన్ ఇస్తారు. పదేళ్ల వైకల్యాన్ని అక్కడి చట్టం లెక్కలోకి తీసుకుంది. మన దేశమూ అలాంటి నియమం తేవాలి. నూరు శాతం వికలాంగుడైన భర్తకు ఏళ్ల తరబడి సేవ చేసిన ఇల్లాలిని మరణ కారణం రుజువు చేయమనడం న్యాయం కాదు. ఆ మార్పు వచ్చేదాకా మీ వీధిలో ఏ మాజీ సైనికుడి ఇల్లున్నా ఈ లెక్క ఆ దంపతులిద్దరికీ చెప్పండి. వారి కాగితాలు ఈ వారమే సర్దించండి.