కోలుకున్న రోగనిరోధకశక్తి – థైరాయిడ్‌పై దాడి

హెచ్.ఐ.వి. చికిత్స ఫలించిన తరువాత కొందరిలో గ్రేవ్స్ వ్యాధి, అనగా థైరాయిడ్ మితిమీరి పనిచేసే స్థితి, తలెత్తుతుంది. 1998లో ఫ్రెంచ్ వైద్యులు ‘లాన్సెట్’ పత్రికలో ఇటువంటి కేసులను నివేదించారు. దీనిని మందుల దుష్ఫలితమనడం అంత సముచితం కాదు. ఏ.ఆర్.టి. వైరస్‌ను అణచివేయగా సి.డి.4 కణాలు తిరిగి పెరుగుతాయి. వాటి సంఖ్య మునుపు బాగా పడిపోయినవారిలోనే ఈ వ్యాధి ఎక్కువ. థైమస్ గ్రంథి నుంచి కొత్తగా వెలువడే టి-కణాలలో కొన్నింటికి స్వపరభేదం తెలియకపోవడమే కారణమని ప్రబలమైన అభిప్రాయం. తత్ఫలితంగా థైరాయిడ్‌ను నిరంతరం ప్రేరేపించే ప్రతిరక్షకాలు పుడతాయి. క్షయ వంటి అంటువ్యాధుల ప్రతిచర్య తొలి వారాల్లో, నెలల్లో బయటపడితే, ఇది తరచు ఏడాది, రెండేళ్లు ఆగి వస్తుంది.

చిక్కంతా లక్షణాలలో ఉంది. గుండెదడ, చేతుల వణుకు సరే. బరువు తగ్గడం చూసి మందులు పనిచేయడం లేదని రోగి భయపడతాడు. వైద్యుడు సైతం క్షయను అనుమానించవచ్చు. వైరల్ లోడ్ అదుపులోనే ఉండి, రక్తంలో టి.ఎస్.హెచ్. బాగా తగ్గి, థైరాయిడ్ హార్మోన్లు పెరిగి ఉంటే సంగతి తేటపడుతుంది. ప్రతిరక్షకాల పరీక్ష దానిని ధ్రువపరుస్తుంది. కార్బిమజోల్ వంటి మందులతో వ్యాధి అదుపులోకి వస్తుంది. ఇందుకోసం ఏ.ఆర్.టి.ని ఆపవలసిన పని లేదు. భయంతో ఆపితే అణగిన వైరస్ మళ్లీ విజృంభిస్తుంది.