మెదడులో రక్తనాళాల చిక్కుముడి.. కోత లేకుండా రేడియేషన్ చికిత్స! కానీ ఆ మూడేళ్లు జాగ్రత్త

ఫిట్స్ వస్తే చేతిలో తాళం చెవులు పెట్టడం ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. కాసేపటికి ఫిట్స్ ఆగగానే తగ్గిపోయిందనుకుంటారు. కానీ యువకుల్లో తొలిసారి వచ్చే ఫిట్స్ వెనక ఒక్కోసారి ఏవీఎం అనే మెదడు రక్తనాళాల లోపం ఉండొచ్చు.

ఏంటీ ఏవీఎం?

ధమనుల్లో వేగంగా వచ్చే రక్తం సన్నని కేశనాళికల్లో నెమ్మదించి సిరల్లోకి చేరాలి. ఏవీఎంలో ఆ కేశనాళికలు ఉండవు. ధమనులు, సిరలు నేరుగా కలిసి దారపు ఉండలా చిక్కుపడతాయి. ఒత్తిడికి నాళం చిట్లితే మెదడులో రక్తస్రావమే. ఈ ముప్పు ఏడాదికి సగటున 2 నుంచి 4 శాతం.

రేడియేషన్ ఎలా పనిచేస్తుంది?

స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ బృందం 1968లో తొలి గామా నైఫ్‌ను వాడింది. పేరులో నైఫ్ ఉన్నా కోత ఉండదు. కోబాల్ట్-60 నుంచి దాదాపు 200 సన్నని కిరణాలు వేర్వేరు దిక్కుల నుంచి ఒకేచోట కలుస్తాయి. విడిగా ఒక్కో కిరణం బలహీనమే.. కలిసిన చోటే డోసు ఎక్కువ. 3 సెంటీమీటర్ల లోపు ఉండి, సర్జరీకి అందనంత లోతులో ఉన్నవాటికి ఇది బాగా పనికొస్తుంది. చాలామందికి ఒక్క సిట్టింగ్ చాలు.

అసలు జాగ్రత్త తర్వాతే!

చికిత్స రోజే ముడి మూసుకుపోదు. నాళాల గోడలు మెల్లగా మందమై మూసుకోవడానికి 2 నుంచి 3 ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా రక్తస్రావం ముప్పు ఉన్నట్టే. చిన్న ఏవీఎంలు సుమారు 70 నుంచి 80 శాతం మందిలో మూసుకుంటాయి, అందరిలో కాదు. అందుకే బాగానే ఉన్నా ఎంఆర్ఐ చెకప్‌లు మానొద్దు. ఫిట్స్ మాత్రలు సొంతంగా ఆపొద్దు. పూర్తిగా మూసుకుందని చివరగా తేల్చేది యాంజియోగ్రామే.

ఎక్కడికి వెళ్లాలి?

ఫిట్స్ ఒకసారి వచ్చి ఆగిపోయినా న్యూరాలజీ డాక్టర్‌కు చూపించాలి. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరోసర్జరీ విభాగం ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో గామా నైఫ్ ఉంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, కాలు చేయి పడిపోయినా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా 108కి కాల్ చేయాలి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసమే. చికిత్సపై నిర్ణయం డాక్టర్ సలహాతోనే తీసుకోవాలి.)