నీళ్లలో దిగేముందు అడిగే ప్రశ్న

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా పాత మర్రిచెట్లు కనిపిస్తాయి. ఇటువైపు ఊళ్లలో ఆదివారం పొద్దున ప్రార్థన జరిగే చోటు పెద్ద గోపురమున్న చర్చే కానక్కర్లేదు, రేకుల షెడ్డు కూడా కావచ్చు. బోర్డు మీద 'బాప్టిస్టు' అని చదివి, "వీళ్లకూ పక్క చర్చివాళ్లకూ తేడా ఏంది? యేసు ఒక్కడే గదా" అనుకునేవాళ్లు చాలామంది. క్రైస్తవుల్లోనే ఈ సంగతి తెలియనివాళ్లు ఉన్నారు. తేడా ఉంది. అది నీళ్ల దగ్గర మొదలై చర్చి స్థలం పట్టా దాకా పోతుంది.

ముందు నీళ్ల సంగతి. కాస్త పెద్ద బాప్టిస్టు చర్చిల్లో వేదిక మీద చెక్కలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉంటుంది. దిగడానికి మూడు నాలుగు మెట్లు. తొట్టి లేనిచోట చెరువు, వాగు, లేకుంటే పొలంలో బోరు నీళ్లు పట్టే తొట్టి. పాస్టర్ నడుములోతు నీళ్లలో నిలబడతాడు. దిగినవాళ్లు తెల్లబట్టల్లో, చేతులు ఛాతీ మీద పెట్టుకుని ఉంటారు. పాస్టర్ ఒక చేయి వీపు వెనక వేసి, మరో చేత్తో రుమాలు ముక్కుకు అడ్డం పట్టి, మనిషిని వెనక్కి వాల్చి పూర్తిగా ముంచి లేపుతాడు. నాలుగైదు సెకన్ల పని. ముంచడం పాత బతుకును పాతిపెట్టడానికి గుర్తు, లేపడం కొత్త బతుక్కు గుర్తు.

అసలు విషయం ఆ నాలుగైదు సెకన్లకు ముందే అయిపోతుంది. యేసును నీ సొంత రక్షకుడిగా నమ్ముతున్నావా అని పాస్టర్ అందరి ముందూ అడుగుతాడు. జవాబు ఆ మనిషి నోటితోనే రావాలి. అమ్మానాన్నలు చెబితే చెల్లదు. "మా మనవనికి గూడ నీళ్లు చల్లుండ్రి అయ్యగారూ" అని ఓ ముసలమ్మ అడిగితే బాప్టిస్టు పాస్టర్ నవ్వి, పసివాణ్ణి చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చేసి ఇస్తాడు. దాన్ని ప్రతిష్ఠ అంటారు, బాప్తిస్మం అనరు. బాప్తిస్మం ఎప్పుడంటే, వాడు పెరిగి తనంతట తాను అడిగినప్పుడు.

ఇటువైపే ఇంకా ముందుకు పోతే వచ్చే వికారాబాద్ మెథడిస్టుల పాత కేంద్రం. ఉత్తరాన మెదక్‌లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కథీడ్రల్ ఉంది. ఈ రెండు సంఘాలూ పసిపిల్లల తలమీద నీళ్లు చిలకరిస్తాయి. వాళ్ల వాదనా తీసిపారేసేది కాదు: దేవుని కృప మనిషి అడగకముందే వస్తుంది, తల్లిదండ్రుల విశ్వాసం నీడలో బిడ్డ పెరుగుతుంది, పెద్దయ్యాక కన్ఫర్మేషన్‌లో తన మాట తాను చెబుతుంది. మరోపక్క శంషాబాద్‌లో మెన్నొనైట్ బ్రదరన్ వాళ్ల బైబిలు కళాశాల ఉంది. వాళ్లు పెద్దవాళ్లకే బాప్తిస్మమిచ్చి ముంచుతారు. బాప్టిస్టులతో వాళ్లది పాత చుట్టరికమే. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ అబ్రహాం ఫ్రీసెన్ నల్గొండలో పని మొదలుపెట్టింది అమెరికన్ బాప్టిస్టుల మిషన్ కిందనే.

ముంచడమా, చిలకరించడమా అన్నది చిన్న గొడవలా కనిపిస్తుంది. ఒకప్పుడు ఈ గొడవకే బైబిలు సొసైటీ చీలింది. గ్రీకులో 'బాప్తిజో' అంటే ముంచడం. బెంగాలీ, బర్మీస్ అనువాదాల్లో బాప్టిస్టులు ఆ మాటను 'ముంచు' అనే అర్థంతోనే రాశారు. అలాంటి అనువాదాలకు డబ్బివ్వమని అమెరికన్ బైబిల్ సొసైటీ కాదనేసరికి, బాప్టిస్టులు 1836లో వేరే సొసైటీ పెట్టుకున్నారు. సరిగ్గా అదే ఏడాది అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే తెలుగు దేశంలో అడుగుపెట్టాడు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. తెలుగు బైబిల్లో మాత్రం గ్రీకు మాటే 'బాప్తిస్మము'గా నిలిచిపోయింది. అన్ని సంఘాలూ ఒకే గ్రంథం చదువుకోగలగడానికి ఆ ఒక్క మాట కొంత సాయపడిందని నా అభిప్రాయం.

'సొంత నోటి మాట' అనే సూత్రానికి పెద్ద పరీక్ష ఒంగోలులో ఎదురైంది. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పనికొచ్చిన వాళ్లలో మాదిగలు ఎక్కువ. బాప్తిస్మం అడిగినవాళ్లూ పెరిగారు. క్లౌ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు తీరేదాకా ఆపాడు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముంచింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఆ పని చేశారు.

ఒక్కరోజులో అంతమందీ ఎవరికి వారు ఆలోచించుకునే వచ్చారా, కులపెద్ద మాట మీద పేటకు పేట కదిలిందా? రెండూ ఉన్నాయి. మన ఊళ్లలో పెళ్లి నుంచి ఓటు దాకా ఒంటరిగా తీసుకునే నిర్ణయాలు ఎన్ని? కులమంతా కలిసి గౌరవం కోసం వేసిన అడుగులో ఒక్కొక్కరి విశ్వాసం లేదనడానికి లేదు. 'ఎవరికి వారు' అనే సూత్రాన్ని బాప్టిస్టులు పడమటి దేశాల నుంచి తెచ్చారు. దాన్ని తమ బతుకుకు సరిపడేలా మలచుకున్నది మాత్రం మాదిగ పేటల జనమే.

ఇవాళ ఆ 'సొంత నోటి మాట'కు పరీక్ష మరో రూపంలో వస్తోంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తర్వాత కలిపిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా ఉంటుంది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తారు. ఆ గుంపు రిజర్వేషను ఒక్క శాతం. బాప్తిస్మమంటే నలుగురిలో ఒప్పుకోవడం. కుల ధ్రువపత్రం మీద కొడుకు చదువు ఆధారపడిన ఇంట్లో ఆ ఒప్పుకోలు ఖరీదు ఎంతో లెక్కేసుకోండి. బాప్తిస్మపు రిజిస్టరులో పేరు రాసే పాస్టర్‌కు ఈ సంగతి తెలుసు. నమ్మకం దాచి ఎస్సీ పత్రం ఉంచుకుంటే బయటివాళ్లు దాన్ని మోసమనడం తేలిక. విశ్వాసాన్ని బట్టి ఒకే వివక్షకు రెండు లెక్కలు కట్టిన చట్టాన్ని ముందు ప్రశ్నించాలని నేనంటాను.

ఎవరి విశ్వాసం వారిదే అయితే, మరి పాస్టర్ చేసే పనేమిటి? అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయా అధికారి ఒకడు రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ పోతుంటాడు. చదివేది అర్థమవుతోందా అని ఫిలిప్పు అడుగుతాడు. ఎవరైనా చెబితే కదా అంటాడు అతను. ఫిలిప్పు రథమెక్కి పక్కన కూర్చుంటాడు. దారిలో నీళ్లు కనబడగానే, నాకు బాప్తిస్మానికి అడ్డేమిటని అడిగేది ఆ అధికారే. నీళ్లలో నుంచి పైకి వచ్చాక ఫిలిప్పు కనిపించడు. అతను సంతోషంగా తన దారిన పోతాడు. బాప్టిస్టు పాస్టర్‌కు ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. అతను పూజారి కాడు, దేవునికీ మనిషికీ మధ్య దళారీ కాడు. పక్కన కూర్చుని చదివించేవాడు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల కూడా వీళ్లకు జ్ఞాపకార్థమే. పాస్టర్ చేతి మహిమతో అది వేరొకటిగా మారదు.

అందుకే బాప్టిస్టులకు బిషప్పు లేడు. ప్రతి సంఘమూ సొంతంగా పాస్టర్‌ను పిలుచుకుంటుంది, డీకన్లను ఎన్నుకుంటుంది. తెలుగు బాప్టిస్టు సంఘాలు 1962లో 'సమావేశం'గా కూడాయి కానీ, పద్ధతి ప్రకారం చివరి మాట సంఘ కూటానిదే. వంట చేసేటప్పుడు పిడికెడు బియ్యం పక్కకు తీసి ఆదివారం తెచ్చే అమ్మకు ఎంత హక్కుందో, పెద్ద కానుక ఇచ్చే రియల్ ఎస్టేట్ ఆసామికీ అంతే హక్కు. కాగితం మీద మాట ఇది. ఆచరణలో ఎవరి గొంతు పెద్దదో వాళ్లదే నడిచే సంఘాలూ ఉన్నాయి. బిషప్పు లేకపోతే తప్పు జరిగినప్పుడు పైన చెప్పుకోవడానికీ ఎవరూ ఉండరు. ఈ స్వేచ్ఛలో ఉన్న చిక్కు అదే.

చేవెళ్ల, మొయినాబాద్‌లలో ఆ చిక్కు మరీ బిగుస్తుంది. హైదరాబాద్ జంట జలాశయాల రక్షణ కోసం 1996లో తెచ్చిన జీవో 111 ఏళ్లపాటు కట్టడాలను అడ్డుకున్నా, ఫాంహౌసుల గిరాకీ నేల ధరను ఎక్కడికో తీసుకుపోయింది. చందాలతో కొన్న చర్చి స్థలం ఒక మనిషి పేరున రిజిస్టరైతే, ఆ మనిషి పోయిన నాడు అది వారసుల ఆస్తి అవుతుంది. ఎవరి విశ్వాసానికి వారే బాధ్యులని చెప్పే సంఘం, ఎవరి లెక్కకు వారే బాధ్యులని కూడా చెప్పాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘాన్ని నమోదు చేసుకుని స్థలాన్ని దాని పేరుకు మార్చుకోవచ్చు. మీరు వెళ్లే చర్చి స్థలం ఎవరి పేరున ఉందో, వచ్చే సంఘ కూటంలో లేచి నిలబడి అడగండి.