రొయ్య పిల్లకు రంగు మేతలోంచే రావాలి

కింది వీడియోలో కొన్ని పిల్లలు ముదురుగా, కొన్ని పాలిపోయి నీలంగా కనిపిస్తాయి చూడండి. రొయ్యకు రంగునిచ్చేది ఆస్టాజాంథిన్. దీన్ని రొయ్య శూన్యంలోంచి తయారు చేసుకోలేదు. నాచులోని బీటా కెరోటిన్ తిని మార్చుకోవాలి, లేదా ఆస్టాజాంథిన్ ఉన్న కోపిపాడ్ల వంటి సన్న నీటి పురుగులను తినాలి. పెంకులో అది ప్రొటీన్‌తో కలిసి ఉంటుంది గనుక నీలంగా, బూడిదగా కనిపిస్తుంది. కూరలో వేడికి ఆ జత విడిపోయి ఎర్రబడుతుంది!

రంగు అందానికే అనుకోకండి. ఈ పదార్థం ఒంట్లో కణాలను కాపాడుతుంది. వానకు ఉప్పుశాతం ఒక్కసారిగా పడిపోయినా, ఆక్సిజన్ తగ్గినా, ఇది అందిన పిల్లలే ఎక్కువగా తట్టుకుంటాయి. అలాగని వైట్ స్పాట్‌కి మందు మాత్రం కాదు.

అందుకే నేను సీడ్ వదలకముందే తవుడు, బెల్లం, ఈస్ట్ పులియబెట్టి చల్లి, నీళ్లలో సహజ మేత పెంచమంటాను. మేతకు కొంచెం స్పైరులినా పట్టించినా మంచిదే. తవుడు మోతాదు మించితే మాత్రం కుళ్లి తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, జాగ్రత్త. ఇంకోటి, తెల్లటి టబ్బులో ఉంచితే మంచి పిల్ల కూడా కాసేపటికి పాలిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి చెరువులోంచి తీసిన వెంటనే రంగు చూడండి.